రాతి తోరణం కింద మూడో చుట్టు

నాకు ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఇరవై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో యాత్రికులను తిప్పినవాడు, రోజూ సముద్రాన్ని చూపించి పొట్ట పోసుకున్నవాడు, చేపపిల్లలా ఈదుతాడని అందరూ అనుకుంటారు. మాది ఆనందపురం అవతల పల్లె. మా ఇంట్లో అందరం వరి మడిలో పెరిగినవాళ్లం. మాకు తెలిసిన నీళ్లు మోకాలి దాకా ఉంటాయి, కదలకుండా ఉంటాయి, గట్టు తెంపితే చెప్పిన వైపు వెళ్తాయి. సముద్రం ఈ మూడింటిలో ఒక్కటీ చెయ్యదు. అందుకే దాన్ని నేను ఎప్పుడూ రోడ్డు మీద నిలబడి, చెయ్యి చాపి చూపించాను. దగ్గరికి వెళ్లి పరిచయం చెయ్యలేదు.

చదువు ఏడో తరగతితో ఆగింది. ఆపింది నేనో, మా లెక్కల మాస్టారో ఇప్పటికీ తేలలేదు. హోటల్లో కప్పులు కడిగాను, ఆటో తోలాను, ఒక ట్రావెల్స్ ఆఫీసులో కార్లు తుడిచాను. ఒకరోజు గైడుకి జ్వరం వచ్చింది. ఓనరు నన్ను చూసి, "నువ్వు ఎలాగూ నోరు ముయ్యవు, నువ్వే వెళ్లు" అన్నాడు. అదే నా అపాయింట్‌మెంట్ ఆర్డరు.

ఇప్పుడు మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అప్పుడప్పుడు వచ్చి, "జనం మన మాటలకి నోరు తెరుచుకుని ఉండిపోవాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుతుంటారు. నా మాటలు నమ్మి ఒక పెద్దమనిషి నోరు తెరుచుకుని శాశ్వతంగా ఉండిపోయేవాడే. ఆ సంగతి రాస్తున్నాను. చదివాక మీ ఇష్టం.

మా కంపెనీలో దాన్ని దేవుళ్ల ట్రిప్పు అనేవారు. రెండు రోజులు. మొదటి రోజు పాత ఊళ్లో కప్పులేని గుడి. అక్కడ ఎవరి చేత్తో వాళ్లే అమ్మవారికి పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. తర్వాత హార్బరు దారిలో పక్కపక్కనే ఉన్న మూడు కొండలు. ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత. మధ్యాహ్నం నుంచి సింహాచలం. రెండో రోజు భీమిలి రోడ్డు, తొట్లకొండ మీద బౌద్ధుల ఆరామం. గుళ్లలో మనం చెప్పాల్సిన పని తక్కువ, దేవుడే చూసుకుంటాడు. తిప్పలన్నీ కారులోనే. గుడికీ గుడికీ మధ్య అరగంట, ముప్పావు గంట. ఆ టైములో యాత్రికుడు నిద్రపోతే ఊరెళ్లి మన గురించి ఎవరికీ చెప్పడు. నాకు తెలిసిన నిజాలు మొదటి సిగ్నల్ దగ్గరే అయిపోయేవి. అందుకని అల్లేవాడిని.

ఏ రాయి కనబడితే ఆ రాయికి ఒక ముని. ఏ మలుపు వస్తే ఆ మలుపుకి ఒక శాపం. నా అల్లికలకు ఒకే ఒక సాక్షి, మా డ్రైవరు. తగరపువలస వాడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా నన్ను బావ అనేవాడు. నేను కొత్త అబద్ధం అల్లినప్పుడల్లా ఎదురుగా కుక్క కూడా లేని రోడ్డు మీద ఒకసారి హారన్ కొట్టేవాడు. సాయంత్రం లెక్క చెప్పేవాడు.

"ఇయాల పదకొండు కొట్టినాను బావ. నీ దెబ్బకి బ్యాటరీ దిగిపోతాది."

"పుణ్యం రా. దేవుళ్ల పేరు మీద మోగుతోంది."

"నీకు పుణ్యం, నాకు బ్యాటరీ. ఇదేటి పంపకం?"

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వులో ఇద్దరికీ వాటా ఉంది. తర్వాత దాని గురించి వాడూ నాలాగే ఏడ్చాడు కాబట్టి చెబుతున్నాను.

తొట్లకొండ దిగువన, రోడ్డుకి అవతల, జాలర్ల పేట పక్కన ఒడ్డు మీద ఒక రాతి తోరణం ఉంది. దేవుడు సగం కట్టి వదిలేసిన ద్వారంలా ఉంటుంది. దాని లోపలి వైపు రాతికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉండటం ఒకసారి చూశాను. కింద ఎండిన బంతిపూల దండ. ఎందుకు పెట్టారో ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది, తెలిస్తే అల్లడం కష్టం. మా పల్లెలో రాయికి బొట్టు ఉందంటే అక్కడ అమ్మవారు ఉన్నట్టు, అమ్మవారు ఉంటే వరం ఉన్నట్టు. ఆ లెక్కన ఒక కథ తయారు చేశాను.

ఇక ఆ దంపతుల సంగతి. కరోనా పోయిన తర్వాతి మాట. కరీంనగర్ వైపు నుంచి వచ్చారు. ఆయన రిటైరైన మాస్టారు. అందులోనూ లెక్కల మాస్టారు! విధి నన్ను వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాను. బక్కపలచని మనిషి, మాట తక్కువ. చేతిలో చిన్న నోటుబుక్కు. నేను ఏం చెప్పినా రాసుకునేవారు. ఆలోచించండి, ఏడో తరగతిలో నా చేత గుంజీలు తీయించిన జాతి, ఇప్పుడు నేను చెబుతుంటే నోట్సు రాసుకుంటోంది. తల ఎక్కడ నిలుస్తుంది? ఆ రెండు రోజులూ అల్లినన్ని జన్మలో అల్లలేదు.

ఆవిడ ఆయనకు పూర్తిగా భిన్నం. నవ్వు మొహం, గలగలా మాట. భర్తను సారూ అనేది. నన్ను తమ్మీ అనేది. మెడకు చున్నీ చుట్టుకుని ఉండేది. మొదటి రోజు సింహాచలం మెట్ల దగ్గర ఆగి ఆయాసపడుతూ ఆవిడే చెప్పింది.

"గొంతుల గడ్డ తమ్మీ. వచ్చే వారం హైదరాబాద్ల కోస్తరట. గొంతు పోతదో మనిషే పోతదో డాక్టరు సాఫ్ చెప్తలేడు. ఎందుకైనా మంచిదని దేవుళ్లందరికి ఒక్కసారి మొహం చూపిచ్చుకుంటున్న."

"అట్ల మాట్లాడకు" అన్నారు మాస్టారు. అంతే అన్నారు. పెన్ను మూత పెట్టడానికి ఆయనకు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. నేను చూశాను. చూసి కూడా...

రెండో రోజు పొద్దున్న తొట్లకొండ దిగి రోడ్డెక్కగానే ఆవిడ కిటికీలోంచి అడిగింది. "గా బండకు అంత పెద్ద తొర్ర ఏంది తమ్మీ?"

కారు ఆపించాను. అప్పుడు సముద్రం బాగా వెనక్కి ఉంది. తోరణం కింద పొడి ఇసుక. ముగ్గురం దిగి దగ్గరదాకా నడిచాం, బొట్టు చూపించాను, మొదలుపెట్టాను. పూర్వం ఒక జాలరి ఆవిడ భర్తకు పెద్ద రోగం వస్తే, తడిబట్టలతో ఈ తోరణం కింద నుంచి మూడు చుట్లు తిరిగిందనీ, తిరుగుతూ రోగి పేరు గట్టిగా పిలిచిందనీ, మూడో చుట్టు పూర్తయ్యేసరికి అక్కడ మనిషి లేచి కూర్చున్నాడనీ. కథకి కొంచెం భయం కలిపితే రుచి వస్తుంది కదా! అది కూడా కలిపాను.

"మూడో చుట్టులో వెనక నుంచి ఎవరో పిలుస్తారు సార్. తెలిసిన గొంతులే. రమ్మంటారు, వద్దంటారు, ఏడుస్తారు. వెనక్కి తిరగకూడదు."

మాస్టారు పెన్ను ఆపారు. "తిరిగితే?"

"చేసిందంతా పోతుంది సార్. ఉన్నది కూడా పోతుంది."

రోడ్డు మీద నుంచి హారన్ వినబడింది. నా గొంతు అక్కడిదాకా వినిపించింది కాబోలు. ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"ఎవరికన్న తగ్గిందా?"

ఇక్కడ ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. ఆయన నా మొహంలోకి అలా చూస్తుంటే, ఆ చూపుకి ఏదో ఒకటి ఇచ్చి పంపాలనిపించింది. "ఎందరికో సార్. ఎవరో ఎందుకు, మా పిన్నికి తగ్గింది. ఆవిడదీ గొంతులో గడ్డే."

నాకు అలాంటి పిన్ని లేదు. తిరిగి కారు దగ్గరికి వస్తూ అదే మాట మళ్లీ చెప్పాను, డ్రైవరు ముందే. ఈసారి హారన్ మోగలేదు. వాడు నా వైపు ఒకసారి చూసి బండి స్టార్ట్ చేశాడు.

భీమిలి చూసి, అక్కడే భోజనం చేసి, మధ్యాహ్నం దాటాక అదే దారిలో వెనక్కి బయలుదేరాం. ఆవిడ వెనక సీటులో నిద్రపోయింది. తోరణానికి కాస్త ఇవతల టీ కొట్టు దగ్గర ఆపమన్నారు మాస్టారు.

"ఒక్క ఫోటో తీసుకొని వస్త."

"వెళ్లిరండి సార్" అన్నాను. వెంట వెళ్లలేదు. నా మోకాళ్లు అప్పటికే మూలగడం మొదలుపెట్టాయి, పైగా టీ వేడిగా ఉంది.

డ్రైవరు గ్లాసు పట్టుకుని నేల చూస్తూ అన్నాడు. "బావ, ఆ పిన్ని ముక్క ఎందుకు కలిపినావు?"

"ఊరికే రా. ధైర్యంగా ఉంటుందని."

"మునులు, శాపాలు అంటే సరే. ఆ మనిషి మొగం సూసినావా? నాకైతే హారన్ మీద సెయ్యెయ్యడానికి భయమేసీసింది."

దానికి నేనేదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు, వాడు నవ్వలేదన్నది గుర్తుంది. ఇంతలో కారు తలుపు తెరుచుకుంది. ఆవిడ నిద్ర మొహంతో దిగింది.

"సారు ఏడి తమ్మీ?"

టీ గ్లాసు అక్కడే పెట్టి ఒడ్డుకి నడిచాను. నడక సగంలోనే పరుగైంది.

ఇసుక మీద చెప్పులు పక్కపక్కన సర్ది ఉన్నాయి, బడి గుమ్మం ముందు విడిచినట్టు. ఒక చెప్పులో వాచీ. ఇంకో చెప్పులో ఫోను. ఫోటో తీయడానికి పట్టుకెళ్లిన ఫోను. పక్కన నోటుబుక్కు, ఎగిరిపోకుండా దాని మీద రాయి.

తలెత్తాను. పొద్దున్న మేము నిలబడిన ఇసుక లేదు. తోరణం కాళ్లు సగందాకా నీళ్లలో ఉన్నాయి. కెరటం వచ్చినప్పుడల్లా ఆ ద్వారం తెల్లటి నురగతో నిండిపోతోంది, వెనక్కి వెళ్లినప్పుడు హోరుమని చప్పుడు. పొద్దున్న సముద్రాన్ని ఎక్కడ వదిలి వెళ్లానో సాయంత్రానికి అక్కడే ఉంటుందనుకున్నాను, మడిలో నీరులాగా. ఆటుపోట్లు అని బడి పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆ పాఠం బహుశా ఎనిమిదో తరగతిలో ఉందేమో.

నిజం చెబుతాను. మొదట నాకు భయం వేసింది ఆయన కోసం కాదు. పోలీసులు, స్టేషను, బల్ల మీద ఆ నోటుబుక్కు, అందులో గుండ్రటి అక్షరాలతో నేను చెప్పిన ప్రతి మాటా. నా పిన్ని కూడా. ఒక్క క్షణం ఆ రాయి తీసి ఆ పుస్తకాన్ని సముద్రంలోకి విసిరేద్దామనిపించింది. అలాంటి మనిషిని నేను. చెయ్యి కిందికి చాపాను కూడా. అప్పుడే నురగ దిగింది, ఆయన కనబడ్డారు.

తోరణం ఇవతల, నడుం లోతు నీళ్లలో, ఒక రాతిని రెండు చేతులా కౌగిలించుకుని ఉన్నారు. వీపు నా వైపు. పెదవులు కదులుతున్నట్టు దవడ కదులుతోంది.

"సార్! బయటికి రండి సార్!"

కదలలేదు. ఇంకా గట్టిగా అరిచాను. "అది అబద్ధం సార్! ఆ కథంతా నేను అల్లాను! నాకు పిన్నే లేదు!"

ఆయన తల ఇంకొంచెం వంచుకున్నారు. ఒక అడుగు లోపలికి వేశారు. అప్పటికి రెండు చుట్లు అయిపోయాయని నాకు అప్పుడు అర్థమైంది. ఇది మూడోది. మూడో చుట్టులో వెనక నుంచి పిలుస్తారు, తెలిసిన గొంతులే, వద్దంటారు, ఏడుస్తారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఎంత అరిస్తే అంత నమ్ముతున్నారు ఆయన. నా కథలో నేనే దెయ్యాన్ని అయిపోయాను.

పక్కనే తెప్పల దగ్గర వల బాగు చేసుకుంటున్న ముసలాయన, ఆయన కొడుకు నా కేకలకి లేచి వచ్చారు. ముసలాయన కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఎవుడా లోనకెల్లినోడు? పోటేలప్పుడు దాని కిందకి కుక్క కూడా ఎల్లదు!"

"మా సారు. రక్షించు బాబూ, నీ కాళ్లు పట్టుకుంటాను. నాకు ఈత రాదు."

"ఈతొచ్చినోడికీ అక్కడ ఈత రాదు. ఒరే, మోకు తే!"

కొడుకు తాడు తెచ్చి నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస ముసలాయన తన చేతికి చుట్టుకున్నాడు. నేను తాడు పట్టుకుని ముందుకు తోసుకుపోతుంటే ఆయన నా ఛాతీ మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఆగు. పెద్ద కెరటాలు మూడొత్తన్నాయి. ఎల్లనీ. ఇప్పుడెల్తే ఇద్దర్నీ మొయ్యాలి."

నా జీవితంలో అంత పొడుగు లెక్క ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఒకటి. మాస్టారు తల మునిగి తేలింది. రెండు. రాతి మీద నుంచి ఒక చెయ్యి జారింది. అప్పుడు నా పక్క నుంచి ఎవరో నీళ్లలోకి దిగారు. ఆవిడ. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, చున్నీ తీసేసి, తిన్నగా నడుస్తోంది. డ్రైవరు వెనక నుంచి "అమ్మా, అమ్మా" అంటూ పరిగెత్తుకొస్తున్నాడు.

ఆవిడ అరవలేదు. గొంతు అరిచేలా లేదు కూడా. మామూలుగా, వంటింట్లోంచి పిలిచినట్టు పిలిచింది.

"సారూ, మీరు ఆగుండ్రి. మూడోది నేను తిరుగుత. రోగం నాది."

మాస్టారు తిరిగారు.

ఒక్కసారిగా, మొత్తం ఒళ్లంతా తిప్పి, ఒడ్డు వైపు చూశారు. నీళ్లలో ఆవిడను చూసి, రాతిని వదిలేసి రెండు చేతులూ చాపి "రాకు! రాకు!" అని అరిచారు. మూడో కెరటం ఆయన్ని ఉన్నపళాన ఎత్తి కొట్టింది. ముసలాయన "ఎల్లు!" అన్నాడు. కొడుకు దూకాడు. నేనూ, ఆవిడను ఒడ్డుకి లాగి వచ్చిన డ్రైవరూ తాడు లాగాం. ఎంతసేపు లాగామో తెలియదు, నా అరచేతుల తోలు తాడుకే ఉండిపోయింది. చివరికి ఇద్దరు మనుషులు ఇసుక మీద పడ్డారు. ఒకరు దగ్గుతున్నారు, ఒకరు తిడుతున్నారు. దగ్గుతున్నది మాస్టారు. అంత ఇంపైన దగ్గు నేను మళ్లీ వినలేదు.

రాతికి పట్టిన గుల్లలు ఆయన మోకాళ్లూ అరచేతులూ కోసేశాయి. ఆవిడ చున్నీతో రక్తం తుడుస్తోంది. ఆయన మొదటి మాట మాకు దండం కాదు, తిట్టూ కాదు. ఆవిడ మొహం పట్టుకుని, "తిరిగిన. వెనక్కి తిరిగిన. ఇప్పుడెట్ల?" అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా అబద్ధమని మళ్లీ చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. తనను ఓదార్చడానికి చెబుతున్నానన్నట్టు.

డ్రైవరు ముసలాయనకు కథంతా చెప్పేశాడు. ఆయన నన్ను కొడతాడనుకున్నాను. సిద్ధంగా కూడా ఉన్నాను. ఆయన బీడీ వెలిగించబోయి ఆపేశాడు.

"ఆ పసుపు ఎవులెట్టినారో తెల్సా నీకు?"

"తెలీదు."

"మా యమ్మ. అమ్మ పోనాక మా ఆడది ఎడతన్నాది. మా తమ్ముడు అక్కడే పోనాడు. గుల్లలు కొట్టడానికెల్లి పోటుకి దొరికిపోనాడు. మా పేటోలంతా ఆ బొట్టు సూసి, దండమెట్టి, పక్కకి తొలిగిపోతారు. నువ్వు బొట్టు సూపించి జనాన్ని లోనకి పంపుతన్నావా?"

మా ఊళ్లో బొట్టు కనబడితే దగ్గరికి వెళ్తాం. వాళ్ల పేటలో బొట్టు కనబడితే దూరం జరుగుతారు. రెంటికీ మధ్య పాతిక కిలోమీటర్లు లేవు. నేను ఇరవై ఏళ్లు ఆ దారిలోనే తిరిగాను.

ఆ సాయంత్రం వాళ్లను రైలెక్కించాం. ఆ తర్వాత వారం రోజులు నేను మనిషిని కాదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడిని, మోగకపోతే ఇంకా ఉలిక్కిపడేవాడిని. ఆయన నీళ్లలో మునగబోయిన భయం ఒకటే అయితే అది ఒడ్డు మీదే తీరిపోయేది. ఆవిడకేమైనా అయితే? బతికినంతకాలం ఆయన తను వెనక్కి తిరగడం వల్లే అనుకుంటారు. ఆ శిక్ష రాసింది నేను, ఒక హారన్ చప్పుడికి.

ఆపరేషన్ రెండు రోజులుందనగా ఆవిడే ఫోను చేసింది. ఆసుపత్రి వరండాలోంచి, గొంతు తగ్గించి.

"తమ్మీ, సారు మూడు దినాల సంది సరిగ తింటలేడు. మూడోది మిగిలిందంటుండు. మళ్ల వైజాగ్ పోత అని రైలు చూస్తుండు. నేను గీడ పండుకుంటే ఆయన గాడ మునుగుతడా?"

"అమ్మా, నేను వచ్చి చెబుతాను. అబద్ధమని ఒట్టు వేస్తాను."

"నీ ఒట్టు ఎవరికి కావాలె? నాకు గా దినమే తెలుసు నువ్వు అల్లుతున్నవని. నవ్వొచ్చింది, ఊకున్న. ఆయనకు తెల్వదు. కత పెట్టినోడివి నువ్వే గదా, నువ్వే ముగించు. మూడోది నువ్వు తిరుగు."

ఫోను పెట్టేసింది.

ముసలాయన దగ్గరికి వెళ్లి ఈ మాట చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఆయన వినగానే లేచి వెళ్లిపోయాడు. ఇక అంతే అనుకున్నాను. వల సర్దేసి తిరిగొచ్చాడు.

"అది తిరునాల సోటు కాదు. మా తమ్ముడి సోటు. ఈ ఒక్కపాలికే. రేపు పొద్దుటేల ఆటుంటాది. నానొత్తాను."

మర్నాడు నీరు బాగా వెనక్కి పోయింది. తోరణం కింద పాదాలు తడిసేంత నీరు, అంతే. పిల్లలు కూడా నడవగలరు. ఎండలో, చీలమండ లోతు నీళ్లలో, నాకు వేసినంత భయం ఆ పోటు రోజున కూడా వెయ్యలేదు. ముసలాయన ముందు వెళ్లి బొట్టు దగ్గర నిలబడి, చేతులు జోడించి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"తమ్ముడా, ఈడు తెలీక సేసినాడు. ఒక్కపాలికి ఒగ్గీ."

బాల్చీ నీళ్లు నెత్తిన పోసుకున్నాను. లోపలికి అడుగు వెయ్యబోతుంటే ముసలాయన అడిగాడు. "పేరు పిలవాలన్నావు కదేటి? ఆ యమ్మ పేరేటి?"

నాకు తెలియదు. రెండు రోజులు కారులో తిప్పాను, సింహాచలం మెట్ల దగ్గర నీళ్లు అందించాను, ఆవిడ రోగానికి మందు కూడా అల్లాను. పేరు అడగలేదు.

ఒడ్డు మీద డ్రైవరు ఫోను కలిపి ఇచ్చాడు. మాస్టారే ఎత్తారు.

"సార్, నేను గైడుని."

"మూడోది మిగిలింది" అన్నారు. పలకరింపు లేదు.

"ఇప్పుడు తిరుగుతున్నాను సార్. తోరణం దగ్గరే ఉన్నాను. అమ్మగారి పేరు చెప్పండి."

"ఒడ్డు మీద నువ్వే అన్నవు గదా, అబద్ధమని."

"అబద్ధమే సార్. నాదే. నేనే తిరుగుతాను."

ఆయన చెప్పారు. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, అక్షరం అక్షరం విడదీసి, హాజరుపట్టీ చదివినట్టు. ఫోను డ్రైవరు చేతికి ఇచ్చి అలాగే పట్టుకోమన్నాను.

తోరణం కింద సముద్రం రెండు వైపులా వినిపిస్తుంది. రాయి చల్లగా ఉంది. పసుపు నా భుజం ఎత్తున ఉంది, కొత్తగా రాసినట్టే ఉంది. ఆ పేరు ఒకసారి మామూలుగా అన్నాను. చాలదనిపించి అరిచాను. ఎవరిని అడుగుతున్నానో నాకు తెలియదు. అమ్మవారిని అక్కడ పెట్టింది నేనే, ఆవిడ లేదని నాకు తెలుసు. ఉన్నది మునిగిపోయిన ఒక మనిషి. ఆయన్నే అడిగాను.

అవతలికి వెళ్లి, రాతి కాలు చుట్టి, ఇవతలికి వచ్చాను. ఫోను చెవిన పెట్టుకున్నాను.

"అయింది సార్. టిఫిన్ చెయ్యండి."

కాసేపటికి ఆవిడ గొంతు గుసగుసగా వినిపించింది. "తింటుండు."

ఆపరేషన్ రోజు నేను డ్యూటీకి వెళ్లలేదు. డ్రైవరూ వెళ్లలేదు. మా ఇంటి అరుగు మీద ఇద్దరం ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. వాడు నాతో ఒక్క పరాచికం ఆడలేదు. సాయంత్రం నాలుగు దాటాక మాస్టారు చేశారు. "బయటికి తెచ్చిన్రు. కండ్లు తెరిచింది." అంతే చెప్పి పెట్టేశారు. డ్రైవరు కారులోకి వెళ్లి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత ఆవిడ మాట్లాడింది. ఆ గలగల లేదు. గొంతు గరుకుగా, తెగిపోతూ ఉంది. డాక్టర్లు బాగా కోశారనీ, మెల్లగా వస్తుందన్నారనీ చెప్పింది. మాస్టారు ఎలా ఉన్నారని అడిగాను. నా చుట్టు వల్లే తగ్గిందని ఊరంతా చెబుతున్నారట.

"అమ్మా, అది కాదని చెప్పండి. డాక్టర్ల పేరు చెప్పమనండి. ఇంకెవరైనా వచ్చి దిగితే?"

"చెప్తనే ఉన్న. నువ్వు అల్లడానికి ఎంతసేపు పట్టింది తమ్మీ? నాకు ఇప్పడానికి ఏడాది పట్టేటట్టున్నది."

ఆ తర్వాత మోకాళ్లు సహకరించినన్నాళ్లు పని చేశాను. అల్లడం మానేశాను. కారులో చాలామంది నిద్రపోయారు. పోనిచ్చాను. డ్రైవరు హారన్‌కి పని తగ్గింది. తొట్లకొండ దిగాక మాత్రం కారు రోడ్డు పక్కన ఆపించేవాడిని. దిగనిచ్చేవాడిని కాదు. కిటికీలోంచి తోరణం చూపించి, అక్కడ ఒక జాలరి పోటుకి దొరికి పోయాడనీ, ఆయన ఇంటివాళ్లు బొట్టు పెట్టారనీ, అది చూసి ఊరివాళ్లు దూరం నుంచే దండం పెట్టి తొలగిపోతారనీ చెప్పేవాడిని. ముని లేడు, శాపం లేదు. అయినా ఆ ముక్కకు ఎవరూ నిద్రపోలేదు.

ఒకసారి ఒక పెద్దాయన దండం పెట్టుకుని, మనవాళ్ల అలవాటు కొద్దీ అడిగారు. "ఇక్కడ మొక్కితే ఏం ఫలం బాబూ?"

"సాయంత్రానికి ఇంటికి వెళ్తారు సార్" అన్నాను.